కౌన్సెలర్‌ని "మీరేం చదివారు" అని అడగొచ్చా?

నిద్రపట్టని_రాత్రి: అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా సరిగ్గా నిద్ర లేదు, ఆఫీసు ఫోన్ మోగితే చాలు గుండె దడదడలాడుతోంది. మా అక్క పోరు పెడితే ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. మర్యాదగానే మాట్లాడారు, కానీ గంటలో ముప్పావు గంట ఆవిడ మాటలే, చివరికి "పెళ్లి చేసుకో, అన్నీ సర్దుకుంటాయి" అని పంపేశారు. ఇంటికొచ్చి ఏడ్చేశాను. గోడ నిండా సర్టిఫికెట్లున్నాయి, ఏది దేనికో తెలియదు. మళ్లీ ఇంకొకరి దగ్గరికి వెళ్తే చదువు, పద్ధతి గురించి ముందే అడగొచ్చా, తప్పుగా అనుకుంటారా?

గోదారి_గట్టు: అడగాలమ్మా, అది మీ హక్కు. నేను ఈ రంగంలోనే ఉన్నాను. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత ఎండీ లాంటివి చేసిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్‌కి ఎంఫిల్ లాంటి శిక్షణ, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి, కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంటాయి, ఆ నంబరు అడిగితే ఇవ్వాలి. "కౌన్సెలర్" అనే బోర్డు మాత్రం నాలుగు వారాంతాల కోర్సు చేసినవాళ్లూ పెట్టుకుంటున్నారు, అందుకే ఈ గందరగోళం. ఎమ్మెస్సీ సైకాలజీ చేసి, పెద్దవాళ్ల పర్యవేక్షణలో ఏళ్ల తరబడి పనిచేసిన మంచి కౌన్సెలర్లూ ఉన్నారు. కాబట్టి "ఎవరి దగ్గర నేర్చుకున్నారు, నాలాంటి సమస్య చూశారా, ఏ పద్ధతిలో చేస్తారు" అని అడగండి. చిరాకు పడితే లేచి వచ్చేయండి.

వరంగల్_అన్న: చెల్లీ, నాదీ ఇదే కథ, మొదటాయన నచ్చలేదు, రెండో ఆవిడ సీబీటీ చేశారు, అంటే మన ఆలోచనలనీ అలవాట్లనీ పరీక్షించి మార్చుకునే థెరపీ. మొదటిరోజు సలహా ఒక్కటీ ఇవ్వలేదు, వింటూ రాసుకున్నారంతే. తర్వాత నాతో ఒక నోటుబుక్ పెట్టించారు. ఒకరోజు "మేనేజర్ పలకరించలేదు" అని రాశాను, పక్కన "నా ఉద్యోగం పోతుంది" అని. దానికి రుజువేంటో ఆ కిందే రాయమన్నారు. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను, ఒక్కటీ దొరకలేదు, ఆయన ఆరోజు ఎవరినీ పలకరించలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కరోజులో తగ్గలేదు, మూడు నెలలు పట్టింది. కానీ అట్లా రాయడం నాకు వచ్చేసింది, ఇప్పుడు నా అంతట నేనే చేసుకుంటున్నా.

మల్లెతీగ: డబ్బు ఇబ్బందైతే 14416కి చేయండి, టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా ఎత్తుతారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో ఓపీ కూడా ఉంది. ఆ పేరు వింటేనే మనవాళ్లు ముఖం తిప్పుకుంటారు, మా అమ్మను తీసుకెళ్లినప్పుడు చుట్టాలు నానా మాటలూ అన్నారు. అమ్మ ఇప్పుడు రాత్రి హాయిగా నిద్రపోతోంది, నాకు అంతే కావాలి. ఇంకోటి, మీరు చెప్పింది ఇంట్లోవాళ్లకు చెప్తారేమోనని భయపడకండి, 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే గోప్యత హక్కు ఉంది. ప్రాణాపాయం లాంటివి ఉంటే తప్ప బయటపెట్టకూడదు.

నిద్రపట్టని_రాత్రి: అందరికీ చాలా థాంక్స్. అన్నా, ఆ నోటుబుక్ సంగతి చదివి నేనూ ఒక పేజీ రాశాను, "ఫోన్ మోగింది" దగ్గరే ఆగిపోయాను. శనివారానికి ఇంకొకరి దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, రిజిస్ట్రేషన్ నంబరు ఫోన్లోనే అడిగితే వెంటనే చెప్పారు. ఆ పేజీ తీసుకెళ్తాను.