సీ లైబ్రరీలోకి వెళ్లగానే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారుతున్నాయి

హంద్రీ ఒడ్డు, కర్నూలు:

అందరికీ నమస్కారం. ఇక్కడి మార్కెట్ యార్డులో ఉల్లి వ్యాపారం చేసే ఒక కమీషన్ కొట్టు కోసం తూకం చీటీలు ముద్రించే చిన్న ప్రోగ్రామును సీ షార్ప్‌లో, డాట్ నెట్ 8 మీద రాస్తున్నాను. ప్రింటర్‌తో వచ్చిన సీ లైబ్రరీని (సీ భాషలో రాసిన ఫంక్షన్ల కట్టను), బయటి ఫంక్షన్లను సీ షార్ప్‌కు ప్రకటించే డీఎల్ఎల్‌ఇంపోర్ట్‌తో పిలుస్తున్నాను. పేరు యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో), సున్నా బైటుతో ముగిసే క్యారెక్టర్ పాయింటర్‌గా (అక్షరాలున్న చోటి చిరునామాగా) రావాలని, ఫంక్షన్ల ప్రకటనలుండే దాని హెడర్ ఫైలులో స్పష్టంగా రాసి ఉంది. నా వైపు పరామితిని మామూలు స్ట్రింగ్‌గానే ప్రకటించాను.

ఇంట్లో లినక్స్ ల్యాప్‌టాప్ మీద, పరీక్షకు ‘రాముడు’ అని పెట్టిన రైతు పేరు చక్కగా పడుతోంది. కొట్టులోని విండోస్ యంత్రం మీద మాత్రం ‘రామాంజనేయులు’ అన్న చోట వరుసగా 12 ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. దీనికి తోడు, లైబ్రరీ వెర్షన్‌ను స్ట్రింగ్‌గా తిరిగి ఇచ్చే మరో ఫంక్షన్‌ను పిలిస్తే లినక్స్‌లో ప్రోగ్రాము వెంటనే కూలిపోతోంది. రెండు లోపాలకూ మూలం ఒకటేనా?

పెన్నా గట్టు, కడప:

మూలాలు వేరు, కానీ రెండూ మీరు ప్రకటనలో చెప్పకుండా వదిలేసిన చోటనే పుట్టాయి. డాట్ నెట్ స్ట్రింగ్ లోపల యూటీఎఫ్-16 అనే మరో యూనికోడ్ రాత పద్ధతిలో ఉంటుంది. సీ లైబ్రరీకి అందించేముందు దాన్ని మార్చాలి. దేనిలోకి మార్చాలో మీరు చెప్పకపోతే సీ షార్ప్‌లో డీఎల్ఎల్‌ఇంపోర్ట్ ‘యాన్సీ’ అనుకుంటుంది. ఈ మాటకు లినక్స్‌లో అర్థం యూటీఎఫ్-8, విండోస్‌లో అర్థం ఆ యంత్రపు యాన్సీ కోడ్ పేజీ, అంటే ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక. మన కొట్లలోని యంత్రాలలో అది సాధారణంగా 1252, అందులో ఒక్క తెలుగు అక్షరమూ లేదు. విండోస్‌లో 57005 అనే తెలుగు ఇస్కీ (భారతీయ లిపుల పాత ప్రమాణం) పేజీ ఉన్నా దాన్ని యాన్సీ పేజీగా పెట్టుకోలేము. అందుకే ప్రతి కోడ్ పాయింట్‌కూ (యూనికోడ్‌లో సొంత సంఖ్య ఉన్న ఒక్కో అక్షరానికీ, గుర్తుకూ) ఒక ప్రశ్నార్థకం వచ్చింది; ఆ పేరులో గుణింతపు గుర్తులనూ ‘ం’ సున్నానూ కలిపి లెక్కిస్తే సరిగ్గా 12 ఉంటాయి.

డాట్ నెట్ 7 నుంచి ఇదే పనికి లైబ్రరీఇంపోర్ట్ అనే కొత్త పద్ధతి ఉంది కాబట్టి, దానికి మారి స్ట్రింగ్ మార్షలింగ్‌ను (స్ట్రింగ్‌ను అవతలి వైపు రూపంలోకి మార్చే తీరును) యూటీఎఫ్-8 అని పెట్టండి. పాత పద్ధతిలోనే ఉండదలిస్తే ఆ పరామితికి ఎల్‌పీయూటీఎఫ్8ఎస్‌టీఆర్ అన్న మార్షల్‌యాజ్ గుర్తు సరిపోతుంది.

ఇక కూలిపోవడం సంగతి. తిరిగి వచ్చే విలువను స్ట్రింగ్ అని ప్రకటించినప్పుడు, డాట్ నెట్ ఆ బైట్లను నకలు చేసుకొని, అసలు జ్ఞాపకాన్ని (మెమరీని) తానే విడుదల చేస్తుంది. వెర్షన్ పాఠం బహుశా లైబ్రరీలోనే స్థిరంగా ఉండే పాఠం. మీరు అడిగి తెచ్చుకోని దాన్ని మీ తరఫున ఫ్రీ చేస్తే సీ రన్‌టైమ్ ఊరుకోదు. లైబ్రరీఇంపోర్ట్‌కు మారినా ఈ ప్రవర్తన మారదు. తిరిగి వచ్చేదాన్ని ఇంట్‌పీటీఆర్‌గా (ఉత్త చిరునామాగా) ప్రకటించి, మార్షల్ క్లాసులోని పీటీఆర్‌టుస్ట్రింగ్‌యూటీఎఫ్8తో చదువుకోండి. విడుదల చేయవలసిన పాఠమే అయితే లైబ్రరీ ఇచ్చిన విడుదల ఫంక్షన్‌నే పిలవండి. ఎవరు కేటాయించారో వారే విడుదల చేయాలి.

గడియారం స్తంభం, అనంతపురం:

కోడు ముట్టుకోకుండానే మొదటి సమస్య తీరే దారి ఒకటుంది. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి ప్రాంతీయ అమరికలలో యూటీఎఫ్-8ను యంత్రం మొత్తానికీ యాన్సీ పేజీగా చేసే బీటా ఎంపిక ఉంది. దానికి టిక్కు పెట్టి యంత్రాన్ని మళ్లీ మొదలుపెడితే చాలు.

పెన్నా గట్టు, కడప:

దయచేసి కొట్టు యంత్రంలో ఆ పని చేయవద్దు. అది మీ ప్రోగ్రాముకు మాత్రమే కాదు, యాన్సీ మీద ఆధారపడ్డ ప్రతి ప్రోగ్రాముకూ వర్తిస్తుంది. యూనికోడ్‌కు ముందు కాలపు తెలుగు ఫాంట్లతో నడిచే లెక్కల ప్రోగ్రాములు మన దగ్గర ఇంకా చాలా కొట్లలో ఉన్నాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు కోడ్ పేజీలోని పై 128 స్థానాలలో తెలుగు ముక్కలను దాచుకుంటాయి. అమరిక మారిన మరుక్షణం పాత ఖాతాలన్నీ చదవలేని గీతలైపోతే షావుకారుకు సమాధానం చెప్పుకోవలసింది మీరే.

హంద్రీ ఒడ్డు, కర్నూలు:

ఇద్దరికీ ధన్యవాదాలు. లైబ్రరీఇంపోర్ట్‌కు మారాను, వెర్షన్‌ను ఇంట్‌పీటీఆర్‌గా తీసుకున్నాక కూలడం కూడా ఆగింది. అయితే ఇప్పుడు ‘రామాంజనేయు’ వరకే పడి, పక్కన ఒక నల్లని డబ్బా వస్తోంది. ‘సుబ్రహ్మణ్యం’ కూడా ‘సుబ్రహ్మణ్’ అని తెగి, వెంట అదే డబ్బా ఉంది.

పెన్నా గట్టు, కడప:

లైబ్రరీ లోపల పేరుకు 32 బైట్ల స్థలం ఉన్నట్లుంది, హెడర్‌లో సరిచూడండి. చివరి సున్నాకు ఒకటి పోతే 31 మిగులుతాయి. తెలుగు కోడ్ పాయింట్ ఒక్కొక్కటీ యూటీఎఫ్-8లో 3 బైట్లు కాబట్టి 10 మాత్రమే పడతాయి, పదకొండో దానిలో మొదటి బైటు ఒంటరిగా మిగిలిపోతుంది. ఆ డబ్బా అదే. స్ట్రింగ్ పొడవు 12 అన్న లెక్కను నమ్మకండి, అక్కడ కావలసింది 36 బైట్లు.

కోత లైబ్రరీకి వదలకుండా మీరే కోయండి. అలాగని 3తో భాగించి కోసినా సరిపోదు, ‘సుబ్రహ్మణ్’ సరిగ్గా పదో కోడ్ పాయింట్ దగ్గర పొల్లుతో ఆగింది చూడండి. చివర పొల్లు మిగిలితే దానితోపాటు దాని ముందున్న హల్లునూ వదిలేసి ‘సుబ్రహ్మ’ దగ్గర ఆపాలి. నా మటుకు నేను పేరును కోయను, ఇంటిపేరును పొడి అక్షరానికి కుదించి, ఇంకా పట్టకపోతే రెండో వరుసకు పంపుతాను. డబ్బు చేతులు మారే చీటీ మీద రైతు పేరు సగం ఉండకూడదు.

హంద్రీ ఒడ్డు, కర్నూలు:

హెడర్‌లో 32 అనే ఉంది. రెండో వరుసకే పంపాను, రెండు పేర్లూ పూర్తిగా పడ్డాయి. చీటీ పైభాగంలో కొట్టు పేరు మాత్రం మొదటి చీటీకి సరిగా ఉండి, తర్వాతి వాటిలో చెత్త అక్షరాలవుతోంది. దాన్ని ప్రోగ్రాము మొదలైనప్పుడు ఒక్కసారే పంపుతున్నాను.

పెన్నా గట్టు, కడప:

ఆ ఫంక్షన్ బైట్లను నకలు చేసుకోకుండా పాయింటర్‌ను మాత్రమే దాచుకుంటోంది. పిలుపు ముగియగానే మార్షలర్ తన తాత్కాలిక నకలును విడుదల చేస్తుంది, లైబ్రరీ మాత్రం ఆ చిరునామానే చదువుతూ ఉంటుంది. మొదటి చీటీ బాగా రావడం అదృష్టం మాత్రమే. స్ట్రింగ్‌టుకోటాస్క్‌మెమ్‌యూటీఎఫ్8తో మీరే స్థలం కేటాయించి, ఇంట్‌పీటీఆర్‌గా పంపి, ప్రింటర్‌ను మూసిన తర్వాతే ఫ్రీకోటాస్క్‌మెమ్‌తో విడుదల చేయండి.