పెదవులపై నల్లమచ్చలు, పేగులో పాలిప్: ప్యూట్జ్-జెగర్స్ సిండ్రోమ్ గురించి సందేహాలు

ప్రశ్న (ఒక తల్లి):
నమస్కారం. మా అబ్బాయికి పదకొండేళ్లు. పసితనం నుంచి పెదవులపైనా, బుగ్గల లోపలా ముదురు గోధుమ రంగు చుక్కలు ఉన్నా, పుట్టుమచ్చలే అనుకుని ఊరుకున్నాము. ఏడాదిగా కడుపునొప్పి వచ్చిపోతుంటే నులిపురుగుల మందూ, రక్తం తక్కువగా ఉందని ఐరన్ సిరప్పూ వాడించారు. గత నెల వాంతులతో విలవిల్లాడిపోతే, పేగులోకి పేగు చొచ్చుకుపోయిందని స్కానింగ్‌లో తేలి, అత్యవసరంగా ఆపరేషన్ చేశారు. బయాప్సీలో ప్యూట్జ్-జెగర్స్ పాలిప్ (పేగు లోపలి గోడ నుంచి పెరిగే చిన్న కండ) అని వచ్చింది. మా ఇంట్లో ఎవరికీ ఇటువంటి మచ్చలు లేవు. ఇది క్యాన్సరా? జన్యు పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగాలా? ఏడేళ్ల మా అమ్మాయి సంగతేమిటి?

సమాధానం (జీర్ణకోశ వైద్యుడు):
అమ్మా, ఇది క్యాన్సర్ కాదు. ఈ పాలిప్‌లు హామార్టోమాలు, అంటే పేగులో ఉండవలసిన కణజాలమే క్రమం తప్పి పెరిగినవి. పెద్దయ్యాక పేగు, క్లోమం, ఆడవారిలో రొమ్ము వంటి చోట్ల క్యాన్సర్ ముప్పు ఎక్కువ గనుక జీవితాంతం పర్యవేక్షణ అవసరమే. కానీ ఈ వయసులో అసలు ప్రమాదం మీరు చూసిన పేగు చొరబాటే. 1921లో నెదర్లాండ్స్ వైద్యుడు ప్యూట్జ్, 1949లో అమెరికాలో జెగర్స్ బృందం వర్ణించిన ఈ వ్యాధిని గుర్తించడానికి ఆ మచ్చలతో పాటు బయాప్సీలో ఇటువంటి పాలిప్ ఒక్కటి తేలినా చాలు, కాబట్టి జన్యు పరీక్ష కోసం ఆగకండి. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేయించి, చిన్నపేగును మింగే క్యాప్సూల్ కెమెరాతో గాని ఎమ్మారై ఎంటరోగ్రఫీతో (చిన్నపేగును చూపే ఎమ్మారై స్కాన్) గాని పూర్తిగా చూపించండి. అక్కడ ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు దాటిన పాలిప్‌లను నొప్పి రాకముందే బెలూన్ ఎంటరోస్కోపీతో, అంటే బెలూన్ సాయంతో చిన్నపేగు లోతుకు వెళ్లే ఎండోస్కోపీతో, తీయవచ్చు. ఆపై రెండు మూడేళ్లకోసారి మళ్లీ చూడాలి. పేగును పదే పదే కోసి తీసివేస్తే ఆహారం ఒంటబట్టదు. ముందుగా పాలిప్‌లు తీయడంలోని ప్రయోజనం అదే. మగపిల్లల్లో వృషణాలను కూడా ఏటా పరీక్షించాలి.

సమాధానం (జన్యు సలహాదారు):
మచ్చలు లేవని అప్పుడే తీర్మానించకండి. పెదవుల మీది చుక్కలు యౌవనం దాటాక తరచూ వెలిసిపోతాయి, బుగ్గల లోపలివి చాలావరకు నిలుస్తాయి. మీ దంపతులిద్దరి నోళ్లలోనూ పగటి వెలుతురులో చూసి, చిన్ననాటి ఫోటోలు కూడా వెదకండి. ఎవరికీ లేకపోతే ఈ వ్యాధికి కారణమయ్యే ఎస్‌టీకే11 అనే జన్యువులో మార్పు మీ అబ్బాయిలోనే కొత్తగా వచ్చి ఉండవచ్చు. పరీక్ష ముందుగా అబ్బాయికి చేయించండి. జన్యువును అక్షరం అక్షరంగా చదివే మామూలు సీక్వెన్సింగ్‌లో ఏమీ తేలకపోతే, జన్యువులో పెద్ద ముక్క లోపించిందేమో చూసే ఎమ్మెల్పీఏ పరీక్ష కూడా అడగండి. రెండింటిలోనూ తేలకపోయినా వ్యాధి లేదని అర్థం కాదు. మార్పు దొరికితే అమ్మాయికి ఆ ఒక్కదాన్నే వెతికితే చాలు. లేదని వస్తే ఆ బిడ్డకు ఎండోస్కోపీల బాధ తప్పుతుంది, ఉందని వస్తే లక్షణాలు లేకపోయినా ఎనిమిదేళ్ల వయసులో వాటిని మొదలుపెట్టాలి.

సమాధానం (ఇదే వ్యాధితో ఉన్న ఒకరు):
నాకు ముప్పై నాలుగేళ్లు, చిన్నప్పుడు రెండు ఆపరేషన్లు జరిగాయి. ఒక్క మాట: వ్యాధి పేరు, తీసిన పాలిప్‌ల వివరాలు ఒక కాగితం మీద రాసి బడిలోనూ, బంధువుల ఇళ్లలోనూ ఇచ్చి ఉంచండి. నొప్పితో పాటు వాంతులు మొదలైతే, ఆ కాగితం చూపించి వెంటనే స్కానింగ్ చేయమని అడగండి.