అమ్మానాన్నల పళ్ళ వైద్యం: కెనడా డెంటల్ ప్లాన్‌కి మా జీతాలు అడ్డొస్తాయా?

కాకినాడ_టు_బ్రాంప్టన్

అందరికీ నమస్తే. మా అమ్మానాన్నలు 2024 ఆగస్టులో పీఆర్ (శాశ్వత నివాసం) మీద వచ్చారు, బ్రాంప్టన్‌లో మాతోనే ఉంటున్నారు. నాన్నగారికి 68, అమ్మకి 63. నాన్నగారి కింది దవడ పన్ను ఒకటి బాగా పుచ్చిపోయింది, రాత్రిళ్ళు నిద్ర లేదు, అన్నం మెత్తగా కలిపి పెడితే ఒక పక్కనే నములుతున్నారు. డెంటిస్టు రూట్ కెనాల్ చేసి పైన క్యాప్ వేయాలన్నారు. ఆ ఎస్టిమేట్ చూసిన దగ్గర్నుంచి ఆయన "సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చేయించుకుంటాలే, ఇక్కడ అంత డబ్బు పోయడం ఎందుకు" అని ఒకటే పట్టు. ఓహిప్‌లో, అంటే ఒంటారియో గవర్నమెంటు ఆరోగ్య బీమాలో, మామూలు పళ్ళ వైద్యానికి ఏమీ రాదు. నా కంపెనీ ఇన్సూరెన్సులో నేను, నా భార్య, పిల్లలమే, తల్లిదండ్రుల్ని చేర్చుకోరు.

ఇన్సూరెన్స్ లేనివాళ్ళ పళ్ళ ఖర్చు గవర్నమెంటు పెట్టుకునే కెనడియన్ డెంటల్ కేర్ ప్లాన్ ఉందని తెలుసు. కానీ కుటుంబ ఆదాయం 90 వేల డాలర్ల లోపు ఉండాలంటున్నారు, నాదీ నా భార్యదీ కలిపితే అది ఎప్పుడో దాటిపోయింది. ఒకే ఇంట్లో ఉంటున్నాం కాబట్టి మా జీతాలు కూడా లెక్కేస్తారా? నాన్నగారు రిటైర్డ్ టీచర్, ఆంధ్రా గవర్నమెంటు పెన్షన్ నెలకి 45 వేల రూపాయల దాకా వస్తుంది, అది చూపించాలా? వాళ్ళకి ఇక్కడ సంపాదనేమీ లేదు కదా అని ట్యాక్స్ రిటర్న్ ఇంకా వేయలేదు. ఇంకో భయం కూడా ఉంది. స్పాన్సర్ చేసినప్పుడు 20 ఏళ్ళు వాళ్ళ బాధ్యత నాదేనని సంతకం పెట్టాను, ఇప్పుడు గవర్నమెంటు స్కీము వాడుకుంటే రేపు నా మెడకి చుట్టుకుంటుందా?

మిస్సిస్సాగా_అక్క

తమ్ముడూ, ముందు జీతాల టెన్షన్ వదిలెయ్. వాళ్ళు చూసేది దరఖాస్తు చేసుకున్న మనిషిది, ఆ మనిషి భార్యది లేదా భర్తది, అంతే. నాన్నగారి విషయంలో ఆయనదీ అమ్మగారిదీ కలిపిన ఆదాయం. కొడుకూ కోడలూ ఒకే కప్పు కింద ఉన్నా ఆ లెక్కలోకి రారు. మన వాళ్ళలో చాలామంది ఇక్కడే ఆగిపోయి అసలు అప్లై చేయకుండా పెద్దవాళ్ళని నొప్పితో ఉంచేస్తున్నారు, నాకు నిజంగా బాధేస్తుంది.

షరతులు నాలుగే. డెంటల్ ఇన్సూరెన్స్ దొరికే దారి ఉండకూడదు, ఇందాక చెప్పిన కుటుంబ ఆదాయం 90 వేల లోపు ఉండాలి, ట్యాక్సుల లెక్కలో కెనడా నివాసి అయి ఉండాలి, రిటర్న్ వేసి ఉండాలి. ఈ నాలుగోదే మీకు ఇప్పుడు అడ్డం. 2025 జులై నుంచి 2026 జూన్ దాకా కవరేజీకి 2024 రిటర్న్ చూస్తారు. ఆదాయం సున్నా అయినా ఇద్దరూ వేయాల్సిందే, ఒక్కరు వేసి ఒక్కరు ఆగితే కుదరదు. కట్టాల్సిన ట్యాక్సు లేనప్పుడు ఆలస్యానికి జరిమానా కూడా పడదు, కాబట్టి ఈ వారమే కూర్చోండి. తక్కువ ఆదాయం వాళ్ళకి వాలంటీర్లు ఉచితంగా రిటర్న్ వేసిపెట్టే ట్యాక్స్ క్లినిక్కులు ఉంటాయి, లైబ్రరీలో అడిగినా చెప్తారు. రిటర్న్ చూసి ట్యాక్స్ వాళ్ళు పంపే అసెస్‌మెంట్ నోటీసు రాగానే అప్లై చేసేయండి.

పెన్షన్ తప్పకుండా చూపించాలి. ఇక్కడ నివాసి అయిన రోజు నుంచి ఏ దేశంలో వచ్చిన ఆదాయమైనా చెప్పాల్సిందే. ఏడాదికి 5 లక్షల 40 వేల రూపాయలంటే డాలర్లలో 9 వేలు కూడా దాటదు, దాచుకోవాల్సినంత ఏముంది? కుటుంబ ఆదాయం 70 వేల డాలర్ల లోపు వాళ్ళకి కో-పే, అంటే ప్లాన్ ధరలో మనం పెట్టుకునే వాటా, సున్నా. 70 నుంచి 80 వేల లోపైతే 40 శాతం, 80 నుంచి 90 లోపైతే 60 శాతం మనం పెట్టుకోవాలి.

స్పాన్సర్‌షిప్ సంగతి: ఆ సంతకం కింద తిరిగి కట్టమనేది సోషల్ అసిస్టెన్స్, అంటే వెల్ఫేర్ డబ్బు తీసుకుంటే. ఈ ప్లాన్ అది కాదు, దీని షరతుల్లో స్పాన్సర్‌షిప్ ఊసే లేదు.

ఫ్రంట్‌డెస్క్_తెలుగమ్మాయి

నేను డెంటల్ క్లినిక్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తాను, రోజూ ఈ క్లెయిములే పంపిస్తుంటాను కాబట్టి డబ్బుల సంగతి చెప్తానండి. "ఫ్రీ అన్నారు, మళ్ళీ ఈ బిల్లేంటి" అని కౌంటర్ దగ్గర నిలబడి ఇబ్బంది పడే పెద్దవాళ్ళని చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది, ముందే ఎవరో ఒకరు చెప్పాల్సింది.

కో-పే సున్నా అంటే బిల్లు సున్నా అని కాదు. ప్లాన్‌కి సొంత ధరల పట్టిక ఉంది, క్లినిక్కు ధరలు దానికన్నా ఎక్కువ ఉండొచ్చు. ఒక ఫిల్లింగ్‌కి క్లినిక్కు ధర 120, ప్లాన్ ధర 100 అనుకోండి, ఆ 20 మీ జేబులోంచే. అదే 40 శాతం కో-పే ఉన్నవాళ్ళైతే 40కి ఈ 20 కలిపి 60 కడతారు. కొన్ని క్లినిక్కులు ఆ తేడా వదిలేస్తాయి, కొన్ని వదలవు. అందుకని ఫోన్‌లోనే "ప్లాన్ తీసుకుంటారా" అని అడిగి ఊరుకోకండి, "ప్లాన్ ధరకే చేస్తారా, తేడా ఎంత పడుతుంది" అని అడిగి ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకోండి. మా దగ్గర ఇచ్చే కాగితంలో పని కోడ్ పక్కన మా ధర, ప్లాన్ ఇచ్చేది, పేషెంట్ కట్టేది వరసగా ఉంటాయి, చివరి గడి చూసుకుంటే చాలు. మొత్తం మీరే కట్టేసి తర్వాత రాబట్టుకుందాం అనుకోవద్దు, ఈ ప్లాన్ క్లెయిములు చూసే సన్ లైఫ్ కంపెనీ డబ్బు క్లినిక్కుకే ఇస్తుంది, పేషెంటుకి తిరిగివ్వదు.

నాన్నగారి పన్ను గురించి. రూట్ కెనాల్ ప్లాన్‌లో ఉంది. క్యాప్‌కి మాత్రం ముందస్తు అనుమతి కావాలి, 2024 నవంబరు నుంచి ఇవి మొదలయ్యాయి. డెంటిస్టు ఎక్స్‌రేలు, నోట్సు జతచేసి పంపాలి. చాలా వాటికి మొదటిసారి కాదనే వస్తోంది, అప్పుడు ఇంకా వివరంగా రాసి మళ్ళీ పంపమని డెంటిస్టుని అడగండి. అనుమతి రాకముందే క్యాప్ వేయించుకుంటే అది మీ ఖర్చే. ఇంప్లాంట్లు, బ్రిడ్జిలు, పళ్ళు తెల్లబరచడం వీటికి అసలు రాదు. కట్టుడు పళ్ళకి వస్తుంది.

ఇంకోటి, సన్ లైఫ్ పంపే ఉత్తరంలో కవరేజీ మొదలయ్యే తేదీ ఉంటుంది. దానికి ఒక్కరోజు ముందు చేయించుకున్నా ఏమీ రాదు.

కాల్గరీ_క్యాబ్

నాదొక మాట. నేనూ నా భార్యా ఇద్దరం పనిచేస్తాం, నాది సొంత ట్యాక్సీ, ఆమెది గోడౌన్‌లో ఉద్యోగం. మా వయసు వాళ్ళకి 2025 మే నుంచే అప్లికేషన్లు తీసుకుంటున్నారు. ఆమె కంపెనీలో డెంటల్ లేనే లేదు, అయినా కంపెనీ ఏటా ఇచ్చే జీతం లెక్కల టీ4 కాగితంలో 45వ గడిలో ఉన్నట్టు కోడ్ వేశారు. 1 అంటే ఇన్సూరెన్స్ దొరకదు అని, 2 నుంచి 5 దాకా ఏది ఉన్నా ఎవరో ఒకరికి దొరుకుతుంది అని అర్థం. సరిచేసి ఇమ్మంటే పేరోల్ వాళ్ళు నెలల తరబడి తిప్పారు, ఈలోపు ఆవిడ చిగుళ్ళు వాచి ఎంత బాధపడిందో నాకు తెలుసు. జీతం మీద బతికేవాళ్ళు ముందు ఆ గడి చూసుకోండి. కంపెనీ ఇస్తానన్నా ప్రీమియం దండగని మీరే వద్దనుకున్నా సరే, దొరికే దారి ఉన్నట్టే లెక్క.

కాకినాడ_టు_బ్రాంప్టన్

అక్కా, ఫ్రంట్‌డెస్క్ గారూ, క్యాబ్ అన్నా, అందరికీ చాలా థాంక్స్. రిటర్నులకి ఇవాళే కూర్చుంటాం. కానీ రిటర్న్, నోటీసు, ఉత్తరం ఇవన్నీ వచ్చేసరికి వారాలు పడుతుంది కదా, అప్పటిదాకా ఈ నొప్పితో ఎలా? అలాగే మా అత్తగారు సూపర్ వీసా (తల్లిదండ్రులు ఎక్కువ కాలం ఉండటానికి ఇచ్చే వీసా) మీద ఉన్నారు, ఆవిడకి కూడా పెట్టొచ్చా?

ఫ్రంట్‌డెస్క్_తెలుగమ్మాయి

అత్తగారు సందర్శకురాలి కిందకే వస్తారండి, ఇక్కడ ట్యాక్స్ లెక్కలో నివాసి కాకుండా, రిటర్న్ లేకుండా ఇది రాదు. సూపర్ వీసాకి తీసుకున్న పాలసీలో దెబ్బ తగిలి పన్ను విరిగితేనో, అత్యవసర నొప్పికో కొంత ఇస్తారేమో ఆ కాగితాలు తీసి చూడండి.

నాన్నగారిని సంక్రాంతి దాకా ఆపకండి. ముందు పన్ను తెరిచి లోపలి ఒత్తిడి తగ్గించి మందు పెట్టి తాత్కాలికంగా మూసే పని వేరుగా ఉంటుంది, దాని ఖర్చు ఎంతో అడిగి అది మాత్రం చేతి డబ్బుతో చేయించండి. మిగతా రూట్ కెనాల్ ఎన్నాళ్ళు ఆగొచ్చో డెంటిస్టే చెప్తారు. ఆయన 65 దాటారు కాబట్టి ఒంటారియో సీనియర్స్ డెంటల్ కేర్ ప్రోగ్రామ్ కూడా చూడండి, దంపతుల ఆదాయం 41,500 డాలర్ల లోపుంటే సరిపోతుంది, మీ ప్రాంతం చూసే పీల్ పబ్లిక్ హెల్త్ వాళ్ళకి ఫోన్ చేయండి, కాకపోతే వెయిటింగ్ ఉంటుంది. దవడ వాచి జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా ఇవేవీ చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళిపోండి.

మిస్సిస్సాగా_అక్క

అమ్మగారి దరఖాస్తు కూడా నాన్నగారిదాంతోపాటే పెట్టెయ్ తమ్ముడూ, పన్ను నొప్పి వచ్చేదాకా చూడకు, చెకప్‌కీ క్లీనింగ్‌కీ కూడా వస్తుంది. ప్రతి ఏడాదీ రెన్యూ చేయాలి, జూన్ 1 లోపు. అందుకే 2025 రిటర్నులు ఏప్రిల్‌లోనే ఇద్దరివీ వేసేయండి.