‘ఫ్రేమ్ గ్రాబర్’: పట్టేదా, దించేదా?

అడిగినవారు, అనువాదకురాలు:

అందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయ మిత్రుల దగ్గర అట్టపెట్టెల నిండా పాత వీహెచ్ఎస్ క్యాసెట్లున్నాయి. హరికథలు, తోలుబొమ్మలాటలు, నాటక పరిషత్తు పోటీలు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఒక పాత కంప్యూటర్, దాని లోపల పీసీఐ అనే గాడిలో (స్లాటులో) బిగించే కార్డు సంపాదించారు. వాడే పద్ధతి తెలుగులో రాసిపెట్టమన్నారు. ఆ కార్డును ఇంగ్లీషువాళ్ళు ‘ఫ్రేమ్ గ్రాబర్’ అంటారు. ఒక పాత అనువాదం చేతికొచ్చింది. అందులో మొదటి వాక్యం ఇది: ‘చట్రగ్రాహి ఫలకమును విస్తరణ రంధ్రమున చొప్పించి, మిశ్రసంకేత తంత్రిని అనుసంధానించవలెను.’ ఇది చదివి ఎవరైనా స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకుంటారా? ఫ్రేముకూ గ్రాబర్‌కూ సరైన మాటలు చెప్పండి. లేకపోతే ఇంగ్లీషు మాటలే ఉంచేస్తాను.

నిఘంటువుల అభిమాని:

వాక్యం బరువుగానే ఉంది, ఒప్పుకుంటాను. కానీ అందులో ‘గ్రాహి’ తప్పు మాట కాదండీ. గ్రహించడం అంటే పట్టుకోవడం, తెలుసుకోవడం కూడా. బొమ్మను పట్టి అంకెలుగా తెలుసుకునే యంత్రానికి అంతకన్నా ఏం కావాలి? కాకపోతే చట్రాన్ని తెలుగు మాటగా లెక్కిస్తే ‘చట్రగ్రాహి’ వైరిసమాసం, అంటే తెలుగు మాటకు సంస్కృతం మాట అతికించిన సమాసం అవుతుంది. దానికి కోపం తెచ్చుకునేవారు ఈ గుంపులో నాతో కలిపి ఇద్దరు ముగ్గురికి మించి ఉండరు.

ఇంకొక సభ్యురాలు:

నా అభ్యంతరం సమాసం మీద కాదు, చట్రం మీద. చట్రం అంటే చుట్టూ ఉండే కర్ర. కిటికీకి చట్రం ఉంటుంది, జల్లెడకు ఉంటుంది, లోపల ఏమీ లేకపోయినా అది చట్రమే. వీడియోలో ఫ్రేము అంటే లోపలి బొమ్మ. దానికి ‘పటం’ ఎందుకు కాకూడదు? చేర్యాల పటం చూడండి. పొడవాటి గుడ్డమీద కథను గదులుగా విడదీసి గీస్తారు. కథకుడు చుట్ట విప్పుతూ ఒక్కో ఘట్టం దగ్గర ఆగి చెబుతాడు. కదిలే కథలో ఒక నిలకడ బొమ్మకు ఇంతకన్నా దగ్గరి మాట మనకు లేదు.

మరొకరు:

బాగుంది కానీ, ‘ఈ హరికథ భాగవతార్‌ను పటం కట్టండి’ అని సూచనల్లో రాస్తే ఆయన ఇంట్లోవాళ్ళు ఊరుకోరు. పటం కట్టించి దండ వేయడం ఎప్పుడు చేస్తామో అందరికీ తెలుసు. దేశపటం, గాలిపటం సరేసరి.

టీవీ మెకానిక్, విశ్రాంత:

మాట సంగతి పెద్దలు తేల్చండి. ఆ కార్డు చేసే పని ఏమిటో నేను చెబుతాను, ఎందుకంటే పైన ఎవరూ దాని జోలికి పోలేదు.

1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నాడు దూరదర్శన్ రంగుల్లోకి వచ్చినప్పటి నుంచి మన టీవీ సంకేతానిది పాల్ అనే పద్ధతి. ఒక ఫ్రేముకు 625 వరుసలు, సెకనుకు 25 ఫ్రేములు. అంటే సెకనుకు 15,625 వరుసలు. ఒక్కో వరుసకు దొరికే సమయం 64 మైక్రోసెకన్లు. వీసీఆర్ (క్యాసెట్ ఆడించే పెట్టె) వెనక పసుపు పిన్నులోంచి వచ్చేది ఇదే: ఒకదాని వెనక ఒకటి వరుసలు, ప్రతి వరుస ముందూ ‘ఇక్కడ కొత్త వరుస మొదలు’ అని చెప్పే సింక్ పల్సు. ఆ తీగలో ఏ క్షణంలో తొంగిచూసినా బొమ్మ కనిపించదు. ఆ క్షణానికి ఒక చుక్క ఎంత వెలుగో చెప్పే వోల్టేజి, దాని మీద ఎక్కి వచ్చే రంగు సంకేతం, అంతే. పోనీ ఆ వరుసలైనా ఒకటి, రెండు, మూడు అని వస్తాయా అంటే అదీ లేదు. ఒకటి విడిచి ఒకటి చొప్పున సగం వరుసలు ముందు వస్తాయి. సెకనులో యాభయ్యో వంతు గడిచాక మిగిలిన సగం వస్తాయి. మొదటి సగానికీ రెండో సగానికీ మధ్య భాగవతార్ చేయి కదిలిపోయి ఉంటుంది.

ఇప్పుడు కార్డు పని చూడండి. సింక్ పల్సును ఆధారం చేసుకుని, సెకనుకు కోటీ ముప్ఫై అయిదు లక్షల సార్లు వోల్టేజి కొలుస్తుంది. అది 1982లోనే ఖాయమైన అంతర్జాతీయ ప్రమాణం. అలా కొలిచినవాటిలో వరుసకు 720 చుక్కలు ఉంచుకుంటుంది. కనిపించే 576 వరుసలను మెమరీలో వాటి వాటి చోట్ల, మొదటి సగం విడిచిన ఖాళీల్లో రెండో సగం పడేలా రాస్తుంది. అప్పుడు తొలిసారిగా అక్కడ ఒక బొమ్మ తయారవుతుంది. అంతకు ముందు లేదు.

కాబట్టి నా తగాదా ఇంగ్లీషు ‘గ్రాబ్’తోనే. సిద్ధంగా ఉన్నదాన్ని చేయి చాచి లాక్కున్నట్టుంది ఆ మాట. ఈ కార్డు చెప్పింది చెప్పినట్టు రాసుకునే గుమాస్తా. దానికి మనకు చక్కని మాట ఉంది, దించడం. పరీక్షలో పక్కవాడి జవాబు దించేసేవారు కదా. ఉన్నది ఉన్నట్టు దించాడు అంటాం. మనం ఫోటో ‘దిగుతాం’. దిగితే, దించేవాడు ఉండాలి. ఈ కార్డే ఆ దించేది.

నిఘంటువుల అభిమాని:

మాస్టారూ, మీ పాఠం చదివాక ‘గ్రాహి’ని వెనక్కి తీసుకుంటున్నాను. ‘దిగు’, ‘దించు’ జంట నిజంగా బాగుంది. అయితే రెండు చిక్కులున్నాయి. ఒకటి, డౌన్‌లోడ్‌కు ‘దింపుకోలు’ అని తెలుగులో రాసేవాళ్ళు చాలాకాలంగా వాడుతున్నారు. ‘వీడియో దించండి’ అంటే పిల్లలు ఇంటర్నెట్ తెరుస్తారు. రెండు, అడిగినవారే మొదటి పోస్టులో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ‘ఎక్కించడం’ అని రాశారు. ఎక్కించేదాన్నే మళ్ళీ దించేది అంటామా?

అడిగినవారు:

నేనూ ఇప్పుడే గమనించాను! అయినా రెండూ నిలుస్తాయనే అనుకుంటున్నాను. ఎక్కేది కార్యక్రమం, అంటే మొత్తం హరికథ. దిగేది బొమ్మ. పెళ్ళిలో మనం వేదిక ఎక్కి ఫోటో దిగడం లేదా? దింపుకోలు గోల మాత్రం నిజం. అందుకని కర్మను వదలకుండా ‘ఫ్రేము దించడం’ అని రాస్తాను. ఉత్త ‘దించడం’ ఎక్కడా రాయను.

ఒక ఇంజినీరు, పుణె:

నేను ఒక సీసాల ఫ్యాక్టరీలో కెమెరా తనిఖీ విభాగంలో పనిచేస్తాను. ఫ్రేమ్ గ్రాబర్ అనే మాట ఇప్పుడు ఎక్కువగా బతికున్నది మా దగ్గరే. మాకు పాల్ లేదు, సరి బేసి వరుసల గొడవా లేదు. కెమెరా నుంచి అంకెలే వస్తాయి. కెమెరా లింక్, కోఆక్స్‌ప్రెస్ అనే పద్ధతుల్లో తీగ వేస్తాం. బెల్టు మీద సీసా సెన్సరు ముందుకు రాగానే ట్రిగ్గర్ పడుతుంది, ఆ క్షణపు బొమ్మ కార్డులోకి వస్తుంది. ట్రిగ్గర్ కాస్త ఆలస్యమైతే బొమ్మలో సగం సీసాయే ఉంటుంది. మా పనికి ‘దించడం’ చప్పగా ఉంటుంది, ‘పట్టడం’ సరిపోతుంది. వెళ్ళిపోతున్నదాన్ని పట్టాలి మరి. మాస్టారి గుమాస్తా మా బెల్టు ముందు నిలబడలేడు.

టీవీ మెకానిక్, విశ్రాంత:

బాబూ, మీ ఫ్యాక్టరీకి మీ మాట ఉంచుకోండి, నాకేమీ పట్టింపు లేదు. అక్కడ ఏ ఫ్రేము కావాలో ఎంచుకోవడం ముఖ్యం. క్యాసెట్ల పనిలో ఎంపిక లేదు, ప్రతి ఫ్రేమూ కావాలి. ఒకే కార్డు జాతికి రెండు క్రియలు వస్తే భాషకు నష్టం ఏమీ లేదు.

చరిత్ర ఒక ముక్క చెబుతాను. పాల్ ఫ్రేము ఒకటి, చుక్కకు రెండు బైట్ల లెక్కన, 8,29,440 బైట్లు. సెకనుకు 25 అయితే రెండు కోట్ల బైట్లు దాటుతుంది. పీసీఐకి ముందున్న పాత ఐఎస్ఏ స్లాటు కాగితం మీద చూసినా సెకనుకు 16 మెగాబైట్లు మించదు, ఆచరణలో అందులో సగం దొరికితే గొప్ప. అందువల్ల ఆనాటి కార్డులు ఒక ఫ్రేమును తమ మీదే ఉన్న మెమరీలో నిలిపి, తర్వాత తీరిగ్గా కంప్యూటర్‌కు అందించేవి. అవి నిజంగానే ‘పట్టే’వి. పేరు ఆ కాలానిది. సెకనుకు 133 మెగాబైట్ల పీసీఐ స్లాటు వచ్చాక, బీటీ 848, తర్వాత బీటీ 878 లాంటి చిప్పులు ఫ్రేము మొత్తాన్ని తమ దగ్గర ఉంచుకోవడం మానేశాయి. వచ్చిన వరుసను వచ్చినట్టే ప్రాసెసర్‌ను అడగకుండా కంప్యూటర్ మెమరీలో రాసేస్తాయి. పని మారింది, పేరు మారలేదు.

అడిగినవారు:

అయితే ఇదిగో, కొత్తగా రాశాను. దయచేసి కత్తెర వేయండి.

‘కంప్యూటర్ ఆపి కరెంటు తీగ పీకండి. డబ్బా లోపలి ఇనుప భాగాన్ని చేత్తో ఒకసారి తాకండి, ఒంటిమీది స్థిరవిద్యుత్తు పోతుంది. ఖాళీ పీసీఐ స్లాటుకు ఎదురుగా డబ్బా వెనకవైపున్న రేకు తీయండి. కార్డును అంచుల దగ్గర పట్టుకుని స్లాటు మీద నిటారుగా పెట్టి, రెండు చివరలా సమానంగా నొక్కండి. బంగారు రంగు అంచు పూర్తిగా లోపలికి వెళితేనే కార్డు కూర్చున్నట్టు. స్క్రూ బిగించండి. వీసీఆర్ పసుపు పిన్ను నుంచి కార్డు పసుపు పిన్నుకు తీగ కలపండి. తెలుపు, ఎరుపు తీగలు ధ్వనివి, వాటిని సౌండు కార్డు లైన్ ఇన్‌లో పెట్టండి. కంప్యూటర్ ఆన్ చేసి డ్రైవరు, అంటే కార్డును నడిపే ప్రోగ్రాము, ఎక్కించండి. లినక్స్ అయితే బీటీ 848, 878 చిప్పులకు బీటీటీవీ అనే డ్రైవరు ఉంది. కార్డు రకాన్ని అది తప్పుగా గుర్తిస్తే రకం సంఖ్యను మనమే ఇవ్వాలి. ప్రోగ్రాములో ఇన్‌పుట్ కాంపోజిట్, పద్ధతి పాల్, కొలత 720×576 ఎంచుకోండి. ఇక క్యాసెట్ నడపండి, ఫ్రేములు దిగుతాయి.’

ఇంకొక సభ్యురాలు:

‘చొప్పించి’ పోయి ‘కూర్చున్నట్టు’ వచ్చింది, అదే నాకు పెద్ద సంతోషం. మెకానిక్కులు అనే మాటే అది. ‘ఫ్రేములు దిగుతాయి’ కూడా వినసొంపుగా ఉంది. ఇంతకీ ఆ సగం వరుసల ముక్కకు పేరేమిటి? ఇంగ్లీషులో ‘ఫీల్డు’ అంటారని విన్నాను. ఒకచోట ‘క్షేత్రం’ అని చూశాను, పొలం గుర్తొచ్చింది.

నిఘంటువుల అభిమాని:

‘అరఫ్రేము’. దీనికి వాదన అక్కర్లేదు. ‘ఇంటర్‌లేస్’ను కొందరు అల్లిక అంటున్నారు, అది మాత్రం వద్దు. అల్లికలో పడుగు, పేక ఒకదాన్నొకటి దాటాలి. ఇక్కడ అన్నీ అడ్డవరుసలే, నిలువు పోగే లేదు. ‘ఒకటి విడిచి ఒకటి’ అని విప్పి చెబితే సరిపోతుంది. ప్రతి దానికీ ఒక నామవాచకం పుట్టించి తీరాలన్న పట్టుదల మనకెందుకు?

టీవీ మెకానిక్, విశ్రాంత:

రాత బాగుంది. కొన్ని చేర్చండి.

పద్ధతి పాల్ బదులు ఎన్టీఎస్సీ (అమెరికా టీవీ పద్ధతి) పెడితే బొమ్మ దొర్లుతుంది, లేదా రంగు పోతుంది. కార్డు చెడిందనుకుని వెనక్కి ఇచ్చేస్తారు, అందుకే రాయండి.

పసుపు తీగను టీ ఆకారపు జాయింటుతో చీల్చి, ఒక కొస టీవీకి, ఒక కొస కార్డుకు ఇవ్వవద్దు. రెండువైపులా 75 ఓముల భారం పడి బొమ్మ మసకబారుతుంది. టీవీలో కూడా చూడాలనుకుంటే వీసీఆర్‌కు రెండో అవుట్‌పుట్ ఉందేమో వెతకండి.

కదిలే చేతి అంచులు కంప్యూటర్ తెర మీద చీలికలు చీలికలుగా కనిపిస్తాయి. అది రెండు అరఫ్రేముల మధ్య కాలం తేడా, తప్పు కాదు. దాన్ని సరిచేసే మీటలు ప్రోగ్రాములో ఉంటాయి కానీ దాచుకునే అసలు ప్రతిలో వాడవద్దు. చూడటానికి చేసే నకలులో వాడండి. కలిపేసిన వరుసలు మళ్ళీ విడిపోవు.

బొమ్మ అడుగున కొద్ది వరుసలు వంకరగా వణుకుతుంటాయి. వీసీఆర్‌లో టేపును చదివే ఒక హెడ్డు నుంచి ఇంకో హెడ్డుకు మారే చోటు అది. టీవీలో ఆ భాగం అంచు వెనక దాక్కునేది కనుక ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు. క్యాసెట్ మరీ పాతదై పై వరుసలు కూడా పక్కకు వంగితే, సింక్ పల్సుల వ్యవధి చెదిరిందన్నమాట. టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం మధ్యలో పెడితే నిలబడుతుంది, ఖరీదైన వ్యవహారం.

కుదించకుండా దాస్తే గంటకు సుమారు 75 గిగాబైట్లు. నష్టం లేని కుదింపు వాడండి.

అడిగినవారు:

అన్నీ చేరుస్తున్నాను, మాస్టారూ. ఆఖరి మాట ఒకటి మిగిలింది. డిస్కు వేగం చాలకపోతే కొన్ని ఫ్రేములు రాయకుండానే పోతాయట, ప్రోగ్రాము వాటి లెక్క చూపిస్తుంది. ఇంగ్లీషులో ‘డ్రాప్’ అన్నారు. ‘జారిన ఫ్రేములు’ అనవచ్చా?

నిఘంటువుల అభిమాని:

జారినవి కింద ఎక్కడో ఉంటాయి, ఏరుకోవచ్చు. ఇవి ఇక లేవు. ‘తప్పిన ఫ్రేములు’ అనండి.

టీవీ మెకానిక్, విశ్రాంత:

తప్పిన ఫ్రేములే సరి. ఒక్కటి తప్పితే 40 మిల్లీసెకన్లు, ఎవరికీ తెలియదు. పాతిక తప్పితే, ప్రోగ్రాము ఆ లోటు పూడ్చకపోతే, బొమ్మ ధ్వని కన్నా సెకను ముందుకు పోతుంది. హరికథలో చిడత కదిలాక ఎప్పటికో మోత వినిపిస్తుంది. ఆ లెక్క సున్నా దాటితే క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టమని సూచనల్లో పైనే రాయండి, కిందెక్కడో కాదు.