పాలినేసియా టపా గుడ్డ మన ఉప్పుగాలికి ఆగుతుందా?

కళింగపట్నంవాసి: గృహప్రవేశానికి మా బావగారు న్యూజిలాండ్ నుంచి చేతిపని ఏదైనా తెస్తామంటున్నారు. టపా (పాలినేసియా, అంటే పసిఫిక్ దీవుల చెట్టుబెరడు గుడ్డ) అడగాలా, చెక్క బొమ్మా? ఇల్లు సముద్రానికి దగ్గర.

బొబ్బిలి చెక్కపని: టపాయే అడగండి. కాగితపు మల్బరీ లోపలి బెరడును సాగేదాకా కొట్టి, ముక్కలను పిండిజిగురుతో అతికిస్తారు. వెలుతురుకు ఎదురు పట్టుకుంటే నారా, అతుకులూ కనబడాలి. అంచులు ఎక్కడా చెదరక ఒకే బొమ్మ అచ్చంగా రిపీటవుతుంటే ప్రింటు సరుకని అనుమానించండి. మడతపెట్టొద్దనండి, లావు గొట్టానికి చుట్టి తెమ్మనండి. గట్టి మడత దగ్గర రంగు రాలి నార చిట్లుతుంది.

విజయనగరం ఫ్రేములు: తడిగుడ్డ తగలనివ్వకండి, జిగురు వదిలేస్తుంది. ఫెవికాల్‌తో అట్టకి అంటించడం అంతకన్నా తప్పు, తర్వాత ఊడదీయలేరు. అద్దానికీ గుడ్డకీ మధ్య అర అంగుళం ఖాళీ ఉంచాలి, లేకపోతే వానాకాలంలో బూజే. వెనక యాసిడ్ లేని అట్ట వేయించండి. ఎండ పడే గోడా, చెమ్మెక్కే గోడా రెండూ వద్దు.

బొబ్బిలి చెక్కపని: చెక్క బొమ్మే తెస్తే సన్నటి గుండ్రటి కన్నాలు, కింద పిండిలాంటి పొడి ఉన్నాయేమో చూడమనండి, ఉంటే పురుగే. తాబేలు డిప్ప వస్తువులు మాత్రం ఎంత ముద్దొచ్చినా వద్దు, కస్టమ్స్ దగ్గర ఇరుక్కుంటారు. మొగలాకు చాపలు కూడా ఆ పసిఫిక్ దీవుల్లో బాగా అల్లుతారు, బరువుండవు.