ఆగకుండా చుట్టే బేలర్ మన మడులకు పనికొస్తుందా?

నల్లరేగడి_45 (చర్చ మొదలుపెట్టినవారు)
నాకొక మినీ రౌండ్ బేలర్ ఉంది, అంటే కోత అయ్యాక మడిలో పడిన వరిగడ్డిని ఎత్తి గుండ్రటి కట్టలుగా చుట్టే యంత్రం. 45 హెచ్‌పీ ట్రాక్టర్‌కు తగిలించి అద్దెకు తిప్పుతాను. లోపల గడ్డి చుట్టుకునే గది నిండగానే గంట మోగుతుంది. బండి ఆపాలి, పురికొస ఈ చివరి నుంచి ఆ చివరికి చుట్టుకోవాలి, వెనక తలుపు లేవాలి, కట్ట దొర్లాలి, తలుపు మూసుకోవాలి, అప్పుడు కదలాలి. ఎకరానికి 50 కట్టలు పడతాయనుకుంటే 50 సార్లు ఇదే తంతు. ఒక్కో ఆగుడుకు 25 సెకన్లు వేసుకున్నా ఎకరానికి ఇరవై నిమిషాలు నిలబడటానికే సరి. డీజిల్ మాత్రం నిలబడదు. విదేశాల్లో ఆగకుండా చుట్టే రౌండ్ బేలర్లు వచ్చాయి. అలాంటివి మన సబ్సిడీ జాబితాలో పెట్టమని గట్టిగా అడగాలంటాను. మీరేమంటారు?

హనోవర్_తెనాలి
నేను జర్మనీలో వ్యవసాయ యంత్రాల షెడ్డులో పని చేస్తాను. మీరు చూసింది క్రోన్ కంపెనీ అల్టిమా అయి ఉంటుంది. 2011లో హనోవర్‌లో జరిగిన అగ్రిటెక్నికా ప్రదర్శనలో పెట్టారు. కిటుకు చిన్నదే: అసలు గదికి ముందు ఇంకో గది ఉంటుంది. వెనక కట్టకు వల చుట్టి బయటకు తోసేలోగా, లోపలికి వచ్చే గడ్డి ముందు గదిలో చేరుతూ ఉంటుంది. ట్రాక్టర్ ఆగదు. కానీ ఇక్కడ ఒక్కో కట్ట వందల కిలోలు, మడి అంటే కనుచూపు మేర. అయినా ఎక్కువ మంది రైతులు ఆగి చుట్టేవే వాడుతున్నారు. బరువు, ధర, మరమ్మతు, మూడూ భారమే. మీ 45 హెచ్‌పీ బండి దాన్ని లాగలేదు.

ఆగకుండా కావాలంటే చదరపు బేలర్ ఉండనే ఉంది. అందులో గడ్డిని నొక్కే దిమ్మె కొడుతూనే ఉంటుంది, ముడి పడుతూనే ఉంటుంది, కట్ట వెనక నుంచి జరుగుతూనే ఉంటుంది. పంజాబ్‌లో గడ్డి సేకరణకు వాడేది ఎక్కువగా అదే.

గట్టుమీద
పెద్దవాడిని, చెబితే వినండి. ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టార్లు, తెలంగాణలో 1.00 హెక్టారు. 2015-16 వ్యవసాయ గణనలో ఉన్న లెక్క. ఆ కమతమైనా ఒక్క చోట ఉండదు. మాది బాపట్ల వైపు, నలభై సెంట్ల మడులు. బేలర్ ఆగుతోందని ఏడ్వడం దేనికి, గట్టు దగ్గర తిరగలేక అది రెండు సార్లు వెనక్కి, ముందుకు ఆడుతుంది. పైగా ఆ భాగంలో గడ్డి అలాగే మిగిలిపోతుంది. ఆగని యంత్రం గట్టును దూకుతుందా?

వానాకాలం_యాసంగి
ముందు పురికొస ధర సంగతి చూడండి బాబూ.

నల్లరేగడి_45
గట్టుమీద గారూ, మలుపుల సమయం నేను లెక్క వేయలేదని ఎవరు చెప్పారు? మలుపు వేరు, ఆగుడు వేరు. నేను అడిగింది ఆగుడు గురించి.

గట్టుమీద
25 సెకన్లు అన్నావు. మా పొలంలో నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. పురికొస తెగినప్పుడల్లా డ్రైవర్ దిగి, కొస వెతికి, మళ్లీ గుచ్చి ఎక్కేసరికి ఐదు నిమిషాలు. దాన్ని నీ లెక్కలో ఎక్కడ రాశావు?

నల్లరేగడి_45
తెగేది నాసిరకం పురికొస కొంటేనే. నాకు సీజనులో అరుదుగా తెగుతుంది.

గట్టుమీద
అరుదుగా అంటే ఎన్నిసార్లు?

చైన్ మిషన్
నేను కోత మిషన్ నడుపుతాను. ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. తడి మడిలో మా చైన్ బండి దిగితే జానెడు లోతు గాడి పడుతుంది. గడ్డి పడేది ఆ గాడుల మీదే. గడ్డిని ఎత్తే బేలర్ పికప్ వేళ్లు అక్కడ మట్టి గడ్డలను కూడా ఎత్తుతాయి, ఒక్కోసారి వంగిపోతాయి. మట్టి కలిసిన కట్టను గేదె మూతి కూడా పెట్టదు. ఉదయం మంచు ఆరేదాకా చుట్టకూడదు, సాయంత్రం చల్లబడితే చుట్టకూడదు. పదకొండు నుంచి నాలుగున్నర దాకా పని. ఆ కొద్ది గంటల్లో ఇరవై నిమిషాలు పోతే బేలర్ ఆయనకు బాధే మరి.

మూడు గేదెలు
తడిగా చుట్టిన కట్ట విప్పితే మధ్యలో తెల్ల బూజు. పైకి బంగారంలా ఉంటుంది. గడ్డివాములో అయితే చెయ్యి పెట్టి లాగి చూసుకునేవాళ్లం.

గట్టుమీద
ఇంకొకటి. మా డెల్టాలో వరి కోయక ముందే చేలో మినుములు చల్లుతాం. కోత అయ్యేసరికి మొలక వేలెడు ఉంటుంది. దాని మీద మొదట కోత మిషన్, తర్వాత బేలర్ ట్రాక్టర్, ఆ తర్వాత కట్టలు ఎత్తే ట్రాలీ. మూడు బండ్లు తొక్కాక మొలక మిగులుతుందా? ఆగకుండా తొక్కితే లాభమా?

నల్లరేగడి_45
అయితే ఏం చేస్తారు? అగ్గిపుల్ల గీస్తారు. టన్ను వరిగడ్డి కాలిస్తే 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ పోతాయని వ్యవసాయ అధికారులు గొంతు చించుకుంటున్నారు.

గట్టుమీద
నువ్వు ఎత్తుకుపోతే పోదా? కాలిస్తే కనీసం బూడిదలో పొటాష్ కొంతైనా మడిలో ఉంటుంది. నీ కట్టలో అయితే మొత్తం ఊరు దాటిపోతుంది. పొగ పెట్టమని నేను చెప్పడం లేదు. మా ఊళ్లో ఏం జరిగిందో చెబుతాను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను. కోసిన గడ్డి మడిలో ఉంది. బేలర్ ఆయన అంతకుముందు వారం వస్తానన్నాడు, రాలేదు. పెద్ద కమతం ఉన్నవాళ్ల దగ్గరికి ముందు వెళ్లాడు. తుపాను వచ్చింది, గడ్డి కుళ్లింది. ఆరాక కాల్చక ఏం చేయను? నీలాంటి బేలర్ ఆయనే.

నల్లరేగడి_45
నాలాంటి అనకండి. నలభై సెంట్ల కోసం ఆరు కిలోమీటర్లు బండి నడిపితే డీజిల్ ఖర్చు మీరిస్తారా? కట్టకు 35 రూపాయలు అడిగితే 25కు రమ్మంటారు. ఎవరి దగ్గర ఎక్కువ మడి ఉంటే అక్కడికి ముందు వెళ్తాం, అందులో తప్పేముంది?

గట్టుమీద
తప్పేమీ లేదు. డబ్బు ఇవ్వలేకపోతే సగం గడ్డి ఇవ్వమంటారు చూడు, అక్కడుంది తప్పు. మా మడిలో 22 కట్టలు పడితే 14 ఎక్కించుకుని పోయాడు. ఇదేమి సగం అంటే, పురికొస ఖర్చు అన్నాడు.

కౌలు_రెండెకరాలు
ఇంతసేపూ ఆగుడు, మలుపు, పురికొస అని కొట్టుకుంటున్నారు. అసలు ఆ గడ్డి ఎవరిది? నేను కౌలుకు చేస్తాను. యజమానికి ధాన్యం బస్తాలు కొలుస్తాను. గడ్డి నాదని మా నాన్న కాలం నుంచి మాట. ఎవరూ రాసుకోలేదు, అవసరమూ రాలేదు. కట్టకు వంద రూపాయలు పలుకుతోందని తెలిశాక, నిరుడు యజమానే నేరుగా బేలర్‌ను పంపాడు. నేను పొలం దగ్గరికి వెళ్లేసరికి ట్రాలీ లోడు అవుతోంది. డ్రైవర్‌ను అడిగితే నాకు చెప్పింది పొలం గలాయన అన్నాడు.

మూడు గేదెలు
మాకు సెంటు భూమి లేదు. చేత్తో కోసినన్నాళ్లూ కుప్ప నూర్చిన రోజున మోపులు మోసినందుకు మా వాటా గడ్డి మాకు వచ్చేది. ఆ గడ్డితోనే మూడు గేదెలను సాకాను. ఇప్పుడు కట్ట కొనాలి. పాల కేంద్రంలో లీటరుకు వచ్చేది అక్కడే పోతోంది. ఆగకుండా చుట్టే యంత్రం వస్తే గడ్డి ఇంకా తొందరగా లారీ ఎక్కుతుంది, అంతే కదా?

నల్లరేగడి_45
అక్కా, మీ బాధ అర్థమైంది, కానీ ఆ పని తీసేసింది బేలర్ కాదు, కోత మిషన్. మేము రాకముందు ఆ గడ్డి మడిలోనే కాలిపోయేది.

చైన్ మిషన్
వచ్చింది నా మీదకా. కోతకు మనుషులు దొరికితే నన్ను ఎవరు పిలుస్తారు?

హనోవర్_తెనాలి
యంత్రం విషయానికి వస్తే: రెండు మామూలు బేలర్లు కొని ఇద్దరు డ్రైవర్లను పెట్టుకోవడం చవక. ఒకటి ఆగినా ఇంకొకటి నడుస్తుంది. సబ్సిడీ కోసం అడగదలిస్తే దానికి అడగండి.

కౌలు_రెండెకరాలు
సబ్సిడీ పాస్‌బుక్ ఉన్నవారికే వెళ్తుంది సార్, మా వైపు చూస్తున్నది అదే.

నల్లరేగడి_45
సరే, నా వరకు ఒకటి చెబుతాను. దాళ్వా కోతల నుంచి సగం గడ్డి ఒప్పందం మానేస్తాను, కట్టకు 40 నగదు. గడ్డి ఎవరిదో యజమాని, కౌలుదారు ఇద్దరూ చెప్పాకే బండి మడిలో దింపుతాను. ఇరవై నిమిషాల మాట మీద మాత్రం నేను తగ్గను.

కౌలు_రెండెకరాలు
మా యజమాని హైదరాబాద్‌లో ఉంటాడు. ఫోను ఎత్తడు.

నల్లరేగడి_45
అయితే దింపను.

గట్టుమీద
అప్పుడు ఆ గడ్డి ఏమవుతుందో కూడా నువ్వే చెప్పు.