తిరుమల కొండకు కారులో పోయేటప్పుడు బిడ్డను ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుంటే తప్పా?

అలిపిరి_ట్యాక్సీ: ఘాట్‌లో 30, 40 దాటి పోయేది లేదు. ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు, ఎదురుబండి రాదు. ఆ స్పీడుకు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు. మలుపుల్లో వాంతి చేసుకునే బిడ్డను తల్లి ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుంటే ఏమైపోతుంది?

పీలేరు_మెకానిక్: తెరుచుకోదని ఎవురు చెప్పినారన్నా? సెన్సార్ చూసేది మీటర్లో స్పీడును కాదు, బండి ఎంత గబుక్కున ఆగిందో దాన్ని. గోడను నేరుగా గుద్దితే 25 దగ్గర కూడా తెరుచుకోవచ్చు. కొండమీద పిట్టగోడలకు కొదవా? ఎయిర్‌బ్యాగ్ సంచి సెకనులో ఇరవయ్యో వంతులోపే ఉబ్బుతుంది. అప్పుడు దానికి అడ్డం ఉండేది బిడ్డ తలే.

తెరుచుకోలేదనే అనుకో. 40లో పోయే బండి సెకనులో పదో వంతులో ఆగితే, 10 కిలోల బిడ్డను పట్టుకోవడమంటే 110 కిలోల మూటను ఆపినట్టు. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు వేస్తే ఇంకా ఘోరం, తల్లి బరువంతా బిడ్డ మీదే.

చంద్రగిరి_వాసి: వెనక సీట్లో బేబీ సీటే దారి. వెనక్కి తిరిగి ఉండే రకాన్ని ముందర పెట్టొద్దు, సంచి దాని వీపు మీదే తంతుంది. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో బేబీ సీటో లేకుంటే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద వెయ్యి జరిమానా కూడా.

అలిపిరి_ట్యాక్సీ: సరే, బిడ్డ సంగతి ఒప్పుకుంటా. డ్రైవర్ రొమ్ముకూ స్టీరింగ్‌కూ నడుమ 25 సెంటీమీటర్లు అంటారే, అది మాత్రం కుదరదు. పొట్టివాళ్లం ముందుకు జరక్కుంటే హెయిర్‌పిన్ మలుపులో రోడ్డు యాడ కనపడుతుంది?

పీలేరు_మెకానిక్: జరగొద్దు, సీటు ఎత్తు పెంచు. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండాలి. వీపు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. అప్పటికీ దగ్గరగా ఉంటే సీటు వీపును రవంత వెనక్కి వంచు, స్టీరింగ్‌ను కిందికి దించు. సంచి మొహం వైపు కాదు, రొమ్ము వైపు రావాలి. నడుం బెల్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద.

చంద్రగిరి_వాసి: ఇంకోటి. ఎడమపక్క డ్యాష్‌బోర్డు మీద, ఎయిర్‌బ్యాగ్ ఉందని చెప్పే ఎస్‌ఆర్‌ఎస్ అని రాసుండే చోట, స్వామి విగ్రహం అంటించినావా? మూత తెరుచుకుంటే అది రాయిలా ఎగిరొస్తుంది.

అలిపిరి_ట్యాక్సీ: స్వామిని కూడా వద్దంటావా!

చంద్రగిరి_వాసి: వద్దనలేదు, నడిమికి జరుపు, చిన్నదిగా చూసుకో. ముందు ఆ బెల్టు అలారం మోగకుండా బకిల్లో గుచ్చిన డూప్లికేట్ క్లిప్ పీకెయ్. బెల్టు లేకుంటే బ్రేకుకే మనిషి ముందుకు జారి సంచి మీదికి పోతాడు.